చదువుకు చేతిపని తోడైతే

చేతిపని నేర్చినవాడు పైచదువుకు పోరాదా? పైచదువు కోరేవాడు చేతిపని నేర్వరాదా? మన పాఠశాలల ముందు ఈ ప్రశ్న నూరేళ్ళకు పైగా నిలిచి ఉన్నది.

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి స్వదేశీ భావాన్ని ప్రబోధించినారు. ఆ ఉత్సాహం చల్లారకముందే, 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినారు. అక్కడ పుస్తకవిద్యతోపాటు నేత, వడ్రంగం వంటి పనులు నేర్పినారు. ఆశయం గొప్పది. కాని ఉద్యోగాలకు, విశ్వవిద్యాలయాలకు ద్వారాలు సర్కారు పరీక్షల చేతిలోనే ఉండినవి.

1937లో గాంధీజీ వార్ధాలో మరొక మాట చెప్పినారు: చేతిపని విడి పాఠం కారాదు, తక్కిన పాఠాలన్నీ దాని ద్వారానే నేర్పాలి.

1952లో ఏర్పడిన మాధ్యమిక విద్యా సంఘానికి అధ్యక్షులు కర్నూలులో జన్మించిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు. 1953 నివేదికలో ఈ సంఘం బహుళార్థసాధక పాఠశాలలను సూచించినది. భాషలు, సామాన్య విజ్ఞానం, సాంఘికశాస్త్రం, ఒక చేతిపని అందరికీ ఉమ్మడి. ఆపైన సాంకేతికం, వ్యవసాయం, వాణిజ్యం మొదలైన 7 శాఖలలో ఒకటి విద్యార్థి ఎన్నుకోవచ్చును.

ఏర్పాటు చక్కనిదే. అయితే కర్మశాలలు చాలలేదు. పని నేర్పగల ఉపాధ్యాయులు కరవైనారు. ఈ కొరత తీర్చుటకు 1963లో మైసూరు మొదలైన 4 చోట్ల ప్రాంతీయ విద్యా కళాశాలలు వెలసినవి. చదువు రానివారికే వృత్తివిద్య అనే అపోహ మాత్రం తొలగలేదు.

తరువాత ఇంటర్మీడియట్‌లో వృత్తివిద్యా శాఖలు వచ్చినవి. ఆ విద్యార్థులు బ్రిడ్జి కోర్సు పూర్తిచేసి ఉన్నత విద్యకు పోగల మార్గమూ ఏర్పడినది. మూసిన తలుపు కొంత తెరచుకొన్నదన్నమాట.

ఇక పాఠాన్ని, పనిని కలపడం ఉపాధ్యాయుని వంతు. గంగవరం, పలమనేరు, మదనపల్లె ప్రాంతాలలో మల్బరీ తోటలున్నవి. పట్టుపురుగుల గదిలో వేడిమి 24–28 డిగ్రీల సెల్సియస్ ఎందుకుండాలి? పురుగు దేహానికి తన వేడిమిని నిలుపుకొనే శక్తి లేదు గనుక. ఇది జీవశాస్త్రం. పట్టుగూటిని వేడినీటిలో వేస్తే సెరిసిన్ అనే జిగురు మెత్తబడి పోగు ఊడివస్తుంది. ఇది రసాయనశాస్త్రం. రైతుబిడ్డకు ఇంట తెలిసిన పనికి బడిలో కారణం తెలిసిననాడు ఆ పనికీ గౌరవం, ఆ పాఠానికీ ప్రాణం.