బడి గడప నుంచి కాలేజీ గడపకు

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఏ ఇంట్లోనైనా సందడే. ఏ కాలేజీ, ఏ గ్రూపు అని మర్నాటినుంచి ఒకటే చర్చ. కాని నడవలేని బిడ్డో, చూపులేని బిడ్డో వున్న ఇంట్లో తల్లికి ఇంకో బెంగ. ఇన్నాళ్ళూ నేను వెంట వుండి బడికి పంపాను, ఇక కాలేజీలో వీడికి ఎవరు దిక్కు? ఆ బెంగకు తమ బతుకుతోనే జవాబు చెప్పిన ఒక అమెరికా తల్లీకొడుకుల కథ ఈవేళ మీకు చెబుతాను.

కాలిఫోర్నియాలో ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రవాడికి 1953లో, పధ్నాలుగో ఏట పోలియో వచ్చింది. అక్కడ పోలియో టీకా వాడుకలోకి వచ్చింది 1955లో. రెండేళ్ళు ఆలస్యమైపోయిందన్నమాట! రెండు చేతివేళ్ళూ, కొన్ని కాలివేళ్ళూ తప్ప మెడకింద ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. ఊపిరి కోసం ఐరన్ లంగ్ అనే యంత్రంలో పడుకోవాలి. పెద్ద ఇనప పీపా అనుకోండి, తల ఒక్కటే బయట వుంటుంది.

బడికీ ఇంటికీ టెలిఫోను తీగ కలిపితే మంచంమీదనుంచే పాఠాలు వినేవాడు. తల్లి జోనా మాత్రం వారానికొకసారైనా బడికి వెళ్ళి తీరాలని పట్టుబట్టింది. అందరూ తననే తేరిపార చూస్తారని అతనికి భయం. చూశారు కూడా. కాని ఆ చూపులు తననేమీ చెయ్యలేవని ఆ రోజే తెలిసిందని అతను తరవాత చెప్పుకునేవాడు.

తీరా హైస్కూలు ముగిసే వేళకు అధికారులు పట్టా ఇవ్వమన్నారు. ఎందుకటా? కారు నడపడం నేర్చుకోలేదుట, వ్యాయామం క్లాసు పూర్తి చెయ్యలేదుట! విడ్డూరం కాదూ? జోనా ఊరుకోలేదు. స్కూలు బోర్డుదాకా వెళ్ళి 1959లో పట్టా ఇప్పించింది.

ముందు దగ్గర్లోని శాన్ మేటియో కాలేజీలో చదివి, తరవాత బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాడు. వికలాంగులకు సాయం చేసే ప్రభుత్వ శాఖవారే, ఇతను ఎన్నటికీ ఉద్యోగం చెయ్యలేడు కనక చదువుకు డబ్బివ్వం అన్నారు. సంగతి పత్రికలకెక్కాక దిగివచ్చారు. 1962లో సీటయితే దొరికింది గాని, సుమారు 360 కిలోల యంత్రంతో వుండడానికి హాస్టలు వీలుకాలేదు. విశ్వవిద్యాలయం ఆస్పత్రిలోనే గది ఇచ్చారు.

అసలు సంగతి ఇక్కడుంది. బడి నాళ్ళలో అతని తరఫున అడిగింది తల్లి. బర్క్‌లీలో తల్లి పక్కన లేదు. మొదట్లో తమ్ముడు తోడున్నా, పోను పోను పనివాళ్ళను తానే కుదుర్చుకుని, ఏం కావాలో ఎలా చెయ్యాలో తన నోటితో తానే చెప్పడం నేర్చుకున్నాడు. 1963లో అలాంటి విద్యార్థి ఇంకొకడు వచ్చాడు, తరవాత మరికొందరు. అంతా జట్టుకట్టి అడగ్గా 1970లో విశ్వవిద్యాలయంలో వికలాంగ విద్యార్థులకోసం ఒక కార్యాలయమే వెలిసింది. తరవాత కొన్నేళ్ళకు, ఉద్యోగం చెయ్యలేడన్న ఆ శాఖకే అతను అధిపతి అయ్యాడు! 1995లో కన్నుమూశాడు.

ఎక్కడో అమెరికా సంగతి అంటారేమో. మన మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు చూపు లేదు. పదో తరగతి తరవాత సైన్సు గ్రూపు ఇవ్వమంటే, కోర్టుకు వెళ్ళి సాధించుకున్నాడు. ఆనక అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి వచ్చాడు.

ఇప్పుడు మనకూ చట్టం వుంది. 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో, 40 శాతానికి తగ్గని వైకల్యం వున్నవారికి కనీసం 5 శాతం సీట్లు ఇవ్వాలి. వయసులో అయిదేళ్ళ సడలింపు కూడా వుంది.

అయితే చెల్లెళ్ళారా, చట్టం కాగితంమీద వుంటుంది. అడగడానికి నోరుండాలి. పదో తరగతితో ఆగిపోయినదాన్ని నేను, పెద్ద సలహాలు చెప్పలేను. ఒక్క మాట చెబుతాను. కాలేజీలో చేర్చే రోజున మీరు తప్పక వెంట వెళ్ళండి. కాని ఆఫీసు కిటికీ దగ్గర మాత్రం మీరు ఒక అడుగు వెనక్కు నిలబడి, బిడ్డనే మాట్లాడనివ్వండి.