ఏ కాలికి ఏది?

అర్ధరాత్రి దాటింది. ఆయన మంచం అంచున కూర్చుని రెండు కాళ్లూ కిందికి వేలాడేసుకున్నాడు. పడుకుంటే పాదాల్లో నిప్పులు పోసినట్టు మంట. వేలాడేస్తే కాస్త నెత్తురు కిందికి దిగి కొంచెం నెమ్మది. బొటనవేలి కొస అప్పటికే నల్లబడింది. వేలితో పోతుందా, మోకాలి దాకా తీసేయాలా అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

జపాన్‌లో సంగతిది. ఈ రాత్రీ ఈ మంచమూ నా ఊహే, ఆయన పేరూ నాకు తెలీదు. వైద్యం సంగతులు మాత్రం 2002లో లాన్సెట్ పత్రికలో అచ్చయినవి.

మత్తిచ్చి, తుంటి ఎముకలోంచి అర లీటరు మూలుగ తోడారు. అందులోంచి కావలసిన కణాల్ని వేరుచేసి, గరిటెడు ద్రవంగా కుదించారు. కొత్త రక్తనాళాలు మొలుస్తాయన్నది వాళ్ల ఆశ. పిక్క మీద మూడేసి సెంటీమీటర్ల గళ్ల లెక్కన సూది పోట్లు, మొత్తం 40. ఒక్కో పోటుకి ముప్పావు మిల్లీలీటరు.

రెండు కాళ్లూ దెబ్బతిన్నవాళ్లు 22 మంది. వాళ్లకి రెండో కాలికీ సూదులు పడ్డాయి, కానీ అందులో ఉన్నవి మూలుగ కణాలు కావు, ఒంట్లో తిరిగే నెత్తురులోని కణాలు. ఏ కాలికి ఏది వెళ్లిందో రోగికి తెలీదు, పరీక్షించే డాక్టరుకీ తెలీదు. నన్ను పట్టేసింది ఇదే. పక్క కాలే సాక్షి!

నాలుగు వారాలకి కొలిచారు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే మామూలుగా ఒకటికి అటూ ఇటూ వస్తుంది. వీళ్లకి 0.6 కూడా లేదు. మూలుగ పడ్డ కాలిలో ఆ అంకె రెండో కాలికన్నా సుమారు 0.1 ఎక్కువ పెరిగింది. చిన్న అంకే. నొప్పి లేకుండా నడవగలిగే సేపు కూడా పెరిగింది.

తర్వాత నెదర్లాండ్స్‌లో 160 మందిని రెండు జట్లు చేసి, తొడ ధమనిలోకి ఎక్కించి చూశారు. ఒక జట్టుకి మూలుగ కణాలు, రెండో జట్టుకి ఉత్తుత్తి మందు. 2015లో ఫలితం వచ్చింది. నొప్పి తగ్గింది, రెండు జట్లకీ! కాళ్లు తీసేయాల్సి రావడంలో మాత్రం మూలుగ జట్టుకి ఒరిగిందేమీ లేదు.

మన దేశంలో, దాతల మూలుగతో బెంగళూరు కంపెనీ చేసిన మందుకి 2020లో అనుమతి వచ్చింది. ఆ అనుమతి వర్తించే జబ్బుల్లో బర్జర్ జబ్బు కూడా ఉంది. బీడీలు కాల్చే నడివయసులోపు మగవాళ్ల కాళ్లని తినేసేది అదే. ఆ సూదులూ పిక్కలోకే. బీడీ మానకపోతే మాత్రం నలుపు పక్క వేలికి పాకుతుంది.