పార్నెల్ పతనము – సంఘముల తీర్పు (1889–1891)

ప్రజానాయకుని వ్యక్తిగత జీవితములోని పాపము బయటపడినప్పుడు సంఘము ఏమి పలకవలెనను ప్రశ్న పాతదే. ఎప్పుడు పలకవలెనను ప్రశ్న అంతకంటె ముఖ్యమైనది. ఐర్లండు నాయకుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ (1846–1891) పతనమును ఈ కోణములో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పార్నెల్ ప్రొటెస్టెంటు భూస్వామి. అయినను కథోలికులు అధికసంఖ్యాకులైన ఐర్లండు ఆయనను నాయకునిగా అంగీకరించింది. 1885 ఎన్నికలలో ఆయన పక్షము 86 స్థానములు గెలిచింది. మరుసటి సంవత్సరము లిబరల్ ప్రధాని గ్లాడ్‌స్టన్ ఐర్లండు స్వపరిపాలన బిల్లును ప్రవేశపెట్టాడు గాని అది వీగిపోయింది. 1887లో టైమ్స్ పత్రిక పార్నెల్‌ను హత్యలతో ముడిపెట్టు లేఖలను ప్రచురించింది. అవి రిచర్డ్ పిగాట్ సృష్టించిన దొంగలేఖలని 1889 ఫిబ్రవరిలో తేలినప్పుడు పార్నెల్ కీర్తి శిఖరమునకు చేరింది.

అదే సంవత్సరము డిసెంబరు 24న కెప్టెన్ విలియం ఓషే విడాకుల దావా వేసి, తన భార్య కాథరిన్‌కు పార్నెల్‌తో అక్రమ సంబంధమున్నదని ఆరోపించాడు. ఈ సంబంధము 1880లో మొదలైనది. వారికి సంతానము కూడ కలిగింది. ఓషే 1886లో పార్నెల్ అండతోనే గాల్వే స్థానము పొందాడు. 1882 నుండి గ్లాడ్‌స్టన్‌కును పార్నెల్‌కును నడుమ సందేశములు చేరవేసినది కాథరినే. కాబట్టి రాజకీయ వర్గములలో ఈ విషయము పూర్తిగా రహస్యము కాదు.

పార్నెల్ దావాను ఎదుర్కొనలేదు. 1890 నవంబరు 17న కోర్టు ఓషేకు అనుకూలముగా తీర్పిచ్చింది. వెంటనే మెథడిస్టు బోధకుడు హ్యూ ప్రైస్ హ్యూస్ వంటివారు పార్నెల్ తొలగవలెనని గట్టిగా పలికారు. ఈ సంఘములవారి ఓట్లే లిబరల్ పక్షమునకు బలము. పార్నెల్ కొనసాగినచో తన నాయకత్వము నిష్ఫలమగునని గ్లాడ్‌స్టన్ లేఖ వ్రాశాడు. ఐర్లండు కథోలిక బిషప్పులు డిసెంబరు 3న, అనగా గ్లాడ్‌స్టన్ లేఖ వెలువడిన తరువాతనే, ఆయన నాయకత్వమునకు అనర్హుడని ప్రకటించారు. డిసెంబరు 6న పక్షములో అధికసంఖ్యాకులు ఆయనను విడిచి వెళ్ళారు.

పార్నెల్ దోషము లేనివాడు కాడు. పదవిని పట్టుకొని ఉండుటవలన ఆయన తన పక్షమునే చీల్చాడు. అది 1900 వరకు తిరిగి ఏకము కాలేదు. 1891 జూన్‌లో కాథరిన్‌ను వివాహమాడి, అక్టోబరు 6న 45వ యేట మరణించాడు.

అయితే సంఘముల పాత్రను కూడ తూచవలసియున్నది. నాతాను దావీదును గద్దించినప్పుడు రాజు సింహాసనముపైననే ఉన్నాడు; ఏ న్యాయస్థానమును ముందుగా తీర్పు చెప్పలేదు. ఇక్కడ గద్దింపు కోర్టు తీర్పు తరువాత, ఎన్నికల లెక్కలతో కలిసి వచ్చింది. అందుచేత అది న్యాయమైనదే అయినను, పాపమునకు కాక బయటపడుటకు విధించిన శిక్షవలె అనేకులకు కనబడింది. అటువంటి తీర్పు నాయకులకు పశ్చాత్తాపము కంటె దాచుకొనుటనే ఎక్కువగా నేర్పును.