సకశేరుకాల కపాల పరిణామం

కపాలం లేదా పుర్రె అనగా సకశేరుకాలలో మెదడును, ముఖ్యమైన జ్ఞానేంద్రియాలను కాపాడుతూ దవడలకు ఆధారంగా ఉండే అస్థి లేదా మృదులాస్థి నిర్మాణం. వివిధ జంతువుల కపాలాలను పోల్చి వాటి బంధుత్వాన్ని నిర్ణయించడం తులనాత్మక అంతర్నిర్మాణ శాస్త్రంలో ముఖ్యభాగం. తెలంగాణలోని ప్రాణహిత-గోదావరి లోయ శిలాజాలకు ఈ అధ్యయనంలో ప్రత్యేక స్థానం ఉన్నది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మాలేరి గ్రామం పేరుతో పిలువబడే ట్రయాసిక్ కాలపు రాతిపొరలలో నాలుగు భిన్న రకాల కపాలాలు ఒకేచోట లభించాయి.

నిర్మాణం

సకశేరుకాల కపాలం మూడు మూలాల నుండి ఏర్పడినది. మెదడు చుట్టూ ఉండే పెట్టె మొదటిది. మొప్పలకు ఆధారమైన చాపాల నుండి వచ్చిన దవడ, నాలుక భాగాలు రెండవది. చర్మంలో పుట్టి పైకప్పుగా అమరిన ఎముకలు మూడవది. సొరచేపలో కపాలమంతా మృదులాస్థియే. ఎముకల చేపలలో చర్మాస్థులు చాలా ఎక్కువ. బొచ్చె చేప తల తిన్నవారికి ఈ సంగతి అనుభవమే. పరిణామ క్రమంలో వీటిలో కొన్ని లోపించి, కొన్ని కలిసిపోయి సంఖ్య తగ్గినది. మనిషి పుర్రెలో, చెవిలోని ఎముకలు కాక, 22 ఎముకలు మాత్రమే ఉన్నాయి.

మాలేరి కపాలాలు

ఈ పొరల వయస్సు సుమారు 23 కోట్ల సంవత్సరాలు. 19వ శతాబ్దంలో స్టీఫెన్ హిస్లాప్ ఇక్కడ శిలాజాలు సేకరించాడు. 20వ శతాబ్దంలో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ శాస్త్రవేత్తలు విస్తృతంగా త్రవ్వకాలు జరిపారు.

వీటిలో పాంథసారస్ అనే ఉభయచరం కపాలం పళ్ళెం వలె బల్లపరుపుగా ఉంటుంది. కళ్ళ వెనుక కణత భాగమంతా ఎముకతో కప్పబడి, ఎక్కడా రంధ్రం కనిపించదు. 1965లో మెటోపోసారస్ ప్రజాతిలో చేర్చిన ఈ జంతువుకు 2018లో ప్రస్తుత పేరు పెట్టారు.

హైపరోడపిడాన్ హక్స్‌లేయి అనే శాకాహార సరీసృపంలో కణతకు ఇరువైపులా రెండేసి రంధ్రాలు కలవు. ఇటువంటి కపాలాన్ని డయాప్సిడ్ అంటారు. రంధ్రాల వలన దవడ కండరాలు ఉబ్బడానికి చోటు, అంటుకోవడానికి అంచు లభిస్తాయి. దీని పుర్రె వెనుక భాగంలో బాగా వెడల్పు. పై దవడలో వరుసల పళ్ళ మధ్య గాడి ఉండి, క్రింది దవడ అందులోకి కత్తివలె దిగుతుంది.

పారాసుకస్ హిస్లోపి కూడా డయాప్సిడ్ జంతువే. దీని జాతినామం హిస్లాప్ గౌరవార్థం పెట్టినది. పొడవైన మూతి చూసి మొసలి అని పొరబడే అవకాశం ఉన్నది. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి కొనలో ఉండగా, దీనికి కళ్ళకు కాస్త ముందు, ఎత్తుగా ఉంటాయి. ఒకే జీవనవిధానం వలన వేర్వేరు వంశాలకు ఒకే రూపం రావడానికి ఇది చక్కని ఉదాహరణ.

నాలుగవది ఎక్సెరిటోడాన్ స్టాటిస్టికే. పరిశోధించిన గణాంక సంస్థ పేరు జంతువుకు రావడం విశేషం. దీనికి కణతలో ఇరువైపులా ఒక్కొక్క రంధ్రమే ఉన్నది. ఇది సైనాప్సిడ్ కపాలం. క్షీరదాలు ఈ శాఖకు చెందినవే. పళ్ళు బిగించి కణతపై వేలు ఉంచితే కదిలే కండరం ఆ పాత రంధ్రం గుండా సాగేదే.

అయితే రంధ్రాలను లెక్కించి మాత్రమే వర్గీకరించరాదు. తాబేలుకు కణత రంధ్రాలు లేవు, కాని జన్యు ఆధారాలు దానిని డయాప్సిడ్ వంశంలోనే చేర్చుతున్నాయి.

దవడ నుండి చెవికి

కపాల చరిత్రలో అత్యంత ఆశ్చర్యకరమైన మార్పు ఇదే. సరీసృపాలలో క్రింది దవడ అనేక ఎముకలతో ఏర్పడి, ఆర్టిక్యులార్ అనే ఎముక పుర్రెలోని క్వాడ్రేట్‌తో కీలు కడుతుంది. క్షీరదాలలో డెంటరీ ఒక్కటే దవడగా మిగిలి, స్క్వామోజల్ అనే ఎముకతో కొత్త కీలు ఏర్పడినది. పాత కీలులోని రెండు ఎముకలు చిన్నవై మధ్య చెవిలో చేరి సుత్తి, దాగలి ఎముకలైనాయి. మూడవదైన అంకవన్నె ఎముక అంతకు ముందే, చేపలలో దవడను పుర్రెకు ఆనించే ఎముక నుండి వచ్చినది. 1837లో జర్మన్ శాస్త్రవేత్త రైకర్ట్ పంది పిండాలను పరిశీలించి ఈ సంబంధాన్ని గుర్తించాడు. ఎక్సెరిటోడాన్‌లో డెంటరీ పెద్దదై, వెనుక ఎముకలు సన్నబడినవి, అయినా పాత కీలు ఇంకా పనిచేస్తూనే ఉన్నది.

లభించని కపాలాలు

పుర్రె ఎముకలు పలుచన, అతుకులు బలహీనం. కాబట్టి శిలాజాలలో ముందుగా పోయేది అదే. మాలేరి కంటే తరువాతివైన కోట జురాసిక్ పొరలలోని బారాపాసారస్, కోటాసారస్ అనే రాక్షసబల్లుల ఎముకలు విరివిగా దొరికినా, తల భాగంలో దంతాలు తప్ప పుర్రెలు దొరకలేదు. కోటాసారస్‌ను యామన్‌పల్లి సమీపంలో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వెలికితీయగా, 1988లో పి. యాదగిరి నామకరణం చేశాడు. దీని అస్థిపంజరం హైదరాబాదులోని బి.ఎం. బిర్లా సైన్సు కేంద్రంలో ప్రదర్శించబడినది. దీని తలకు ఏ రూపం ఇచ్చినా అది బంధుజాతుల పోలికపై ఆధారపడినదే. ఈ పొరలలోనే లభించిన కోటాథీరియం అనే తొలికాలపు క్షీరదం సైతం దంతం ద్వారానే తెలిసినది.