పోటు – ఉప్పెన: కృష్ణా తీరపు తుఫానుల చరిత్రలో తిథి ప్రమాణం

ఉపోద్ఘాతం

తెలుగు తీరానికి సముద్రపు నీటి రాకపోకలను తెలిపే మాటలు రెండు విధాలుగా ఉన్నాయి. చంద్రుని గతిని అనుసరించి ప్రతిదినం రెండుసార్లు నీరు ఎక్కడం పోటు, తగ్గడం ఆటు. ఆటుపోట్లు నిత్యకృత్యాలు, వాటికి వేళ ఉంది, లెక్క ఉంది. తుఫాను వేళ సముద్రం తన గట్టు దాటి ఊళ్లమీదికి రావడం ఉప్పెన. దానికి వేళ లేదు. ఒక తరంలో ఒకసారి రావచ్చు, రాకపోవచ్చు. ఈ రెండింటినీ తెలుగు వేర్వేరు పేర్లతో పిలిచింది. ఆంగ్ల పాలకుల నివేదికలు మాత్రం చాలాకాలం రెండింటినీ కలిపి 'టైడల్ వేవ్' అన్నాయి. ఆ నివేదికలను ఆధారం చేసుకొన్న తరువాతి చరిత్ర రచనల్లోకి ఆ కలగలుపు కూడా ప్రవేశించింది. ఈశాన్య ఋతుపవన కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చలి ప్రవేశించే నెలలలో, కృష్ణా డెల్టా తీరాన్ని తాకిన రెండు మహా తుఫానులను వాటి తిథులతో కలిపి పరిశీలించి, పోటుకూ ఉప్పెనకూ గల సంబంధం ఎంతటిదో నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం. పోల్చి చూడటానికి ఒక వేసవి తుఫానును కూడా చేర్చుకోవడం జరిగింది.

తిథి – పోటు

పోటు లెక్క పంచాంగానికి దగ్గరి చుట్టం. చంద్రోదయం దినదినానికి సుమారు రెండు ఘడియలు, అంటే 48 నిమిషాలు, ఆలస్యమవుతుంది. పోటు వేళ కూడా ఇంచుమించు అంతే జరుగుతుంది. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేసే అమావాస్య, పూర్ణిమలకు పోటు పెద్దది. ఆ రెండు ఆకర్షణలు లంబకోణంలో ఉండే శుద్ధ, బహుళ అష్టములకు పోటు చిన్నది. పెద్దపోటు సరిగ్గా అమావాస్యనాడే రాక, ఒకటి రెండు రోజులు వెనుకగా రావడం సాధారణం. మొగలో ఇసుక మేటలను దాటించి పడవను లోపలికి తేవాలన్నా, పర్రభూముల్లో ఉప్పుమడికి నీరు పెట్టాలన్నా ఈ లెక్క తెలియక తప్పదు. ఈ విధంగా తిథి తీరవాసికి సముద్రాన్ని కొలిచే తొలి ప్రమాణమైంది.

ఇక్కడ ఒక పరిమాణాన్ని గుర్తుంచుకోవాలి. మధ్యాంధ్ర తీరంలో పెద్దపోటు రోజుల్లో కూడా పోటు మట్టానికీ ఆటు మట్టానికీ నడుమ తేడా ఒకటిన్నర మీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. హుగ్లీ ముఖద్వారం వద్ద ఆ తేడా నాలుగు మీటర్లను మించుతుంది. ఒకే బంగాళాఖాతం ఒడ్డున ఉన్నా ఈ రెండు తీరాల స్వభావం ఒకటి కాదు. తుఫాను సరిగ్గా పోటు వేళ వచ్చిందా, ఆటు వేళ వచ్చిందా అన్నది హుగ్లీ తీరానికి నిర్ణాయకమైన ప్రశ్న. కృష్ణా తీరానికి ఆ ప్రశ్న ఎంతవరకు వర్తిస్తుందన్నది విచారించవలసిన విషయం.

కోరంగి వృత్తాంతం – కలకత్తా శాస్త్రం

తుఫానులకు 'సైక్లోన్' అన్న పేరు పెట్టినవాడు కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్. పాము చుట్టను స్ఫురింపజేసే గ్రీకు పదం నుంచి అతడు ఈ పేరును నిర్మించాడు. నావికుల కోసం అతడు రచించిన గ్రంథం 1848లో వెలువడింది. 1789 డిసెంబరులో గోదావరి తీరపు రేవు కోరంగిని సముద్రం ముంచిన వృత్తాంతం అందులో చోటు చేసుకొంది. పోటు శిఖరస్థాయిలో ఉన్న సమయాన గాలి నీటిని అఖాతపు కొసకు నెట్టగా మూడు మహాతరంగాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఊరిని నాశనం చేశాయని ఆ వృత్తాంత సారాంశం. గాలి, పోటు కలిసిన క్షణమే ప్రళయానికి హేతువన్న వివరణ ఈ కథనంలో స్పష్టంగా ఉంది.

పిడింగ్టన్ దృష్టి ప్రధానంగా ఓడలమీద ఉన్నా, తీరాన్ని ముంచే నీటిని అతడు విస్మరించలేదు. మాతలా నదీతీరంలో కొత్త రేవు నిర్మాణం తలపెట్టినప్పుడు అది తుఫాను తరంగానికి బలి అవుతుందని 1853లో గవర్నరు జనరలు డల్హౌసీకి బహిరంగ లేఖ ద్వారా హెచ్చరించాడు. పోర్ట్ కానింగ్ పేరుతో వెలసిన ఆ రేవు 1867 నాటి తుఫానుకు నాశనమైంది. అప్పటికి పిడింగ్టన్ మరణించి తొమ్మిదేళ్లయింది.

1864: అమావాస్య వెంట వచ్చిన ఉప్పెన

1864వ సంవత్సరం బంగాళాఖాత తీరానికి రెండు దెబ్బలు తగిలాయి. అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని తుఫానులు తాకాయి. మచిలీపట్నం, దాని పరిసరాలలో ప్రాణనష్టం 30,000 అని జిల్లా, సామ్రాజ్య గెజిటీర్లు నమోదు చేశాయి. సాధారణ పోటు మట్టంపైన నీరు 13 అడుగులు, అంటే దాదాపు నాలుగు మీటర్లు, లేచిందని నాటి లెక్క. మరుసటి ఏడు బందరు కోటలోని దండును ప్రభుత్వం ఉపసంహరించింది. డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు పోటీపడిన రేవుపట్నం ఆ దెబ్బనుంచి మునుపటి స్థితికి రాలేదు.

ఆ ఏడు అక్టోబరు 30న సూర్యగ్రహణంతో కూడిన అమావాస్య. నవంబరు 1 రాత్రి అంటే అమావాస్య గడచిన రెండవ రాత్రి. నెలలో పోటు అతిపెద్దదిగా ఉండే వేళ. కోరంగి వృత్తాంతంలో కనిపించిన వివరణకు బందరు ఉదాహరణ అచ్చంగా సరిపోతుంది. తిథి ప్రమాణం నిజమైనట్లు, 'టైడల్ వేవ్' అన్న మాట తగినట్లు తోస్తుంది. అయితే 13 అడుగుల లెక్క సాధారణ పోటు మట్టంపైన చేసినదన్న విషయాన్ని గమనించాలి. అంటే పోటును మినహాయించిన తరువాత మిగిలిన ఎత్తు అది. అమావాస్య దానికి తోడై ఉండవచ్చు గాని, దాన్ని పుట్టించలేదు.

అదే ఏడు జరిగిన కలకత్తా విధ్వంసం వాతావరణ పరిశీలనకు రాజాశ్రయం కల్పించింది. కలకత్తా రేవుకు 1865లో తుఫాను హెచ్చరిక ఏర్పాటయింది. 1866, 1871 నాటి వర్షాభావాలు కూడా తోడై 1875లో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఆధ్వర్యంలో భారత వాతావరణ శాఖ అవతరించింది. రేవుల్లో పగలు గుర్తులను, రాత్రి దీపాలను ఎత్తే పద్ధతి క్రమంగా తీరమంతటా స్థిరపడింది. ఆ సంకేతాలు ఓడను ఉద్దేశించినవి. సముద్రంలో ఉన్నవాడు రేవుకు రావాలా, రేవులో ఉన్నవాడు లంగరు తీసి వెళ్లాలా అన్నది వాటి భాష. నీరు ఏ ఊరిదాకా వస్తుందన్న ప్రశ్నకు ఆ భాషలో సమాధానం లేదు.

1977: అష్టమినాటి ఉప్పెన

1977 నవంబరు 19, శనివారం. ఆ ఏడు దీపావళి అమావాస్య నవంబరు 11న వచ్చింది. కాబట్టి తుఫాను తీరం దాటిన రోజు కార్తీక శుద్ధ అష్టమి దరిదాపు. అర్ధచంద్రుని కాలం, పోటు అతిచిన్నదిగా ఉండే వేళ. పంచాంగం చూసి సముద్రాన్ని అంచనా వేసే పద్ధతికి ఆ రోజు ఏ హెచ్చరికా దొరకదు. అయినా ఆనాడు దివిసీమమీదికి వచ్చిన నీరు దాదాపు ఐదు మీటర్లు. అది తీరం నుంచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకొని వచ్చింది. సొర్లగొంది వంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు సుమారు 10,000 అని అధికార గణన. వాస్తవ సంఖ్య అంతకు మించి ఉంటుందన్న అభిప్రాయం నాటినుంచి ఉంది.

ఇంత నీటికి కారణం నాలుగు అంశాల కలయిక. మొదటిది వాయుపీడనం. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది. తీవ్రమైన తుఫానులోనూ ఈ విధంగా లేచే నీరు మీటరుకు లోబడే ఉంటుంది. రెండవది గాలి. ఉత్తరార్ధగోళంలో తుఫాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది కనుక, పశ్చిమాభిముఖంగా తీరం దాటే తుఫాను కేంద్రానికి కుడిపక్కన, అంటే ఉత్తరాన, గాలి సముద్రం మీదినుంచి నేలవైపు వీస్తుంది. ఎడమపక్కన నేలనుంచి సముద్రంవైపు వీస్తుంది. మూడవది సముద్రపు అడుగు. లోతైన నీటిలో గాలి నెట్టిన నీరు అడుగునుంచి వెనుకకు పోగలదు. మెరకగా ఉన్న చోట దానికి ఆ దారి లేదు. కృష్ణానది వేల ఏళ్లుగా తెచ్చిపోసిన ఒండ్రుతో ఏర్పడిన తీరం అటువంటిది. నాలుగవది నేల తీరు. ఎత్తులేని పర్రభూములు, నదీపాయలు, కాలువలు నీటికి లోపలికి దారులయ్యాయి.

1977 తుఫాను కేంద్రం చీరాల – నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. దివిసీమ ఆ కేంద్రానికి కుడిపక్కన పడింది. వాతావరణ గ్రంథాలు ఆ తుఫానును ఆంధ్ర తుఫాను అనీ, చీరాల తుఫాను అనీ పేర్కొన్నాయి. ప్రజలు మాత్రం దానిని దివిసీమ ఉప్పెన అన్నారు. ఒక పేరు గాలి కేంద్రం దాటిన చోటును చెబితే, మరొకటి నీరు చంపిన చోటును చెప్పింది. రెండూ సత్యాలే గాని, మనిషి ప్రాణానికి సంబంధించిన సత్యం రెండవ పేరులో ఉంది.

తిథి విషయానికి వస్తే, ఈ తీరంలో పెద్దపోటు మట్టానికీ అష్టమినాటి పోటు మట్టానికీ తేడా అరమీటరు లోపు. 1977 తుఫాను అమావాస్యనాడే వచ్చి ఉంటే ఐదు మీటర్ల నీటికి మరో అరమీటరు లోపు చేరి ఉండేది. అది స్వల్పమని కొట్టివేయడానికి వీలులేదు. కరకట్ట అంచున ఉన్నవాడికి ఒక అడుగు నీరు కూడా ప్రాణసమానం. అయినా ఉప్పెన ఉండటానికీ లేకపోవడానికీ తిథి హేతువు కాదని ఈ ఉదాహరణ నిస్సంశయంగా చూపుతుంది.

1990: పూర్ణిమ సాక్ష్యం

ఈ నిర్ధారణను బలపరిచే మరో ఉదాహరణ వేసవిలో దొరుకుతుంది. 1990 మే 9న తీవ్రమైన తుఫాను కృష్ణానది ముఖద్వార ప్రాంతంలోనే తీరం దాటింది. ఆనాడు వైశాఖ పూర్ణిమ. నాలుగైదు మీటర్ల ఉప్పెన నమోదయింది. తిథి ప్రకారం చూస్తే 1977 కంటే ఇది ప్రమాదకరమైన రోజు; తీరమూ ఇంచుమించు అదే. అయినా మృతుల సంఖ్య 967 వద్ద ఆగింది. తుఫానుకు ముందే లక్షన్నరకు పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించడమే దీనికి ప్రధాన కారణం.

ఈ రెండు తేదీల నడుమ తీరానికి తుఫాను రక్షణ భవనాలు వచ్చాయి. 1980ల మధ్యనుంచి ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా ఎంపిక చేసిన తీరప్రాంత కేంద్రాలకు నేరుగా స్థానిక భాషలో హెచ్చరికను వినిపించే ఏర్పాటు జరిగింది. సాహిత్య, భాషా పరిశోధకులు ప్రత్యేకంగా గుర్తించవలసిన మార్పు ఇది. రేవు స్తంభంమీది గుర్తు ఓడ యజమానికి అర్థమయ్యే భాష. ఊరిలో తెలుగులో వినిపించే హెచ్చరిక గుడిసెలో ఉన్నవాడికి అర్థమయ్యే భాష. 1865లో ఓడకోసం మొదలైన హెచ్చరిక ఊరిని చేరడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

ముగింపు

1864లో అమావాస్య వెనుక, 1977లో అష్టమి దరిదాపున, 1990లో పూర్ణిమనాడు ఉప్పెన వచ్చింది. మూడు తిథులూ వేరు. నీటి ఎత్తు మాత్రం మూడుసార్లూ నాలుగైదు మీటర్ల పరిధిలోనే ఉంది. మృతుల సంఖ్య 30,000, 10,000, 967గా తగ్గింది. నీటి ఎత్తును నిర్ణయించింది పీడనం, గాలి దిశ, సముద్రపు అడుగు, నేల తీరు. మృతుల సంఖ్యను ఎక్కువగా నిర్ణయించింది ప్రజలకు ముందుగా తెలియడం, తెలిసినవారికి వెళ్లడానికి ఒక చోటు ఉండటం.

దీనివల్ల తిథి ప్రమాణం వ్యర్థమని తేలదు. పోటును కొలవడానికి అది నేటికీ సరైన ప్రమాణమే. పోటు కొలతతో ఉప్పెనను కొలవడమే దోషం. హుగ్లీ తీరపు అనుభవం, కోరంగి వృత్తాంతం, 1864 నాటి యాదృచ్ఛికమైన అమావాస్య కలిసి 'టైడల్ వేవ్' అన్న మాటకు ఒక శాస్త్రీయ గౌరవాన్ని కల్పించాయి. ఆ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు పోటు కెరటమనో, అలల తాకిడి అనో అనువదిస్తే మూలంలోని పొరపాటు రెట్టింపవుతుంది. పాత కచేరీ పత్రాలను, గెజిటీర్లను అనువదించేవారు సందర్భాన్ని పరిశీలించి, తుఫానువల్ల నేలమీదికి వచ్చిన నీటిని ఉప్పెన అనే వ్యవహరించడం ఉచితం. తీరవాసులు ఆ రెండు మాటలను ఏనాడూ కలిపివేయలేదు. శాస్త్రం ఆలస్యంగా చేరుకొన్న విభజన వారి వ్యవహారంలో ముందునుంచే ఉంది. కృష్ణా తీర చరిత్రను రాసేవారు ఆ విభజనను నిలుపుకోవడం పదశుద్ధికే గాక చరిత్ర శుద్ధికి కూడా అవసరం.