వెలగని ఎర్ర లైటు

పోయిన సంక్రాంతికి హిందూపురం వెళ్ళినప్పుడు మా మావయ్య పాత జావా రాత్రి తొమ్మిదింటికి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక సీట్లో నేనున్నాను. ముందు హెడ్‌లైటు మసకబారింది, తర్వాత హారన్ గొంతు పడిపోయింది, చివరికి ఇంజనూ ఆగింది. టెయిల్ ల్యాంపు కూడా లేకపోయేసరికి వెనకొస్తున్న లారీవాడికి మేం కనపడలేదు. ఆఖరి క్షణంలో పక్కకి కోసుకుని వెళ్ళాడు కాబట్టి ఇది రాస్తున్నాను.

"ఎర్ర లైటు కూడా వెలగలేదు కదా అల్లుడూ!" అన్నాడు మావయ్య. అంటే వెలగలేదు కాబట్టి అంతా బాగున్నట్టే అనుకున్నాడన్నమాట. సర్వర్ పడిపోయాక "అలర్ట్ రాలేదండీ" అనే మనవాళ్ళు గుర్తొచ్చారు.

ఆ లైటు సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1929లో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే చెక్ ఇంజనీరు, జర్మనీ వాండరర్ కంపెనీ డిజైను కొనుక్కుని మోటార్‌సైకిళ్ళు మొదలుపెట్టాడు. యానెచెక్‌లో 'యా', వాండరర్‌లో 'వా' కలిపితే యావా, మన నోట్లో జావా. 1961 నుంచి ఆ బళ్ళు మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీలో తయారయ్యాయి. 1973 నుంచి యెజ్డీ పేరు వచ్చింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరు మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది గానీ అవి వేరే బళ్ళు. పాతవాటి వైరింగ్ తెలిసినవాళ్ళు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.

ఇక కరెంటు సంగతి. ఆ 250 సీసీ బండిలో డైనమో 6 వోల్టులు, 45 వాట్లు. హెడ్‌లైటుకే 35 పోతాయి. మిగిలిన పదితోనే టెయిల్ ల్యాంపు, స్పార్కు గడవాలి. అంత బిగుతు బడ్జెట్‌లో డైనమో చార్జి చేస్తోందా లేదా అన్నది తెలియాలిగా. చిప్పులు లేని కాలం. ఒక చిన్న బల్బుతో పని కానిచ్చారు.

ఆ బల్బుకి ఒక కొస బ్యాటరీ వైపు, రెండో కొస డైనమో వైపు. తాళం తిప్పగానే డైనమో ఇంకా తిరగదు కాబట్టి బ్యాటరీ కరెంటు బల్బు గుండా డైనమోలోకి పోతుంది, లైటు వెలుగుతుంది. ఇంజన్ అందుకున్నాక రెండువైపులా వోల్టేజి సమానమౌతుంది. తేడా లేదు కాబట్టి ఆరిపోతుంది. అంటే అది రెండు వోల్టేజిల మధ్య మనం రోజూ చూసే డిఫ్ లాంటిది. పైగా తాళం తిప్పినప్పుడు వెలగడమే దాని సెల్ఫ్ టెస్ట్. ఆ క్షణంలో వెలగకపోతే, తర్వాత వెలగకపోవడానికి అర్థమే లేదు.

మర్నాడు మెకానిక్ వచ్చి, "ఇదంతా పీకేసి 12 వోల్టుల కిట్ పెట్టేద్దాం సార్" అన్నాడు. కోడ్ అర్థం కానప్పుడల్లా రీరైట్ చేద్దామనే మాట నేనూ చాలాసార్లు అన్నాను, అందుకే అతన్ని ఏమీ అనలేకపోయాను. ఒక్క పూట ఆగమన్నాను.

బ్యాటరీ చార్జి చేయించి తాళం తిప్పితే ఎర్ర లైటు వెలగలేదు. బల్బు విప్పి చూస్తే ఫిలమెంటు తెగి ఉంది. ఎన్నాళ్ళ క్రితం పోయిందో ఎవరికీ తెలీదు. కొత్తది వేస్తే వెలిగింది. ఇంజన్ స్టార్ట్ చేసి ఎంత రేజ్ చేసినా ఆరలేదు. అంటే తప్పు డైనమో వైపుంది. కుడివైపు మూత తీస్తే కార్బన్ బ్రష్షులు అరిగి మొండులయ్యాయి, కమ్యుటేటర్ నల్లగా పట్టేసింది. బ్రష్షులు అరగడం సహజం; వాటిని మార్చకపోవడం మా తప్పు. కొత్తవి వేసి, కమ్యుటేటర్ శుభ్రం చేసి మళ్ళీ స్టార్ట్ చేశాం. రేజ్ పెంచగానే ఎర్ర లైటు ఆరింది. వైరింగులో ఒక్క తీగ మార్చలేదు.

ఆ రాత్రి మమ్మల్ని నడిరోడ్డు మీద నిలబెట్టింది అరిగిన బ్రష్షులే. అయితే లారీ కిందకి తోయబోయింది మాత్రం పోయిన బల్బు. బల్బు బాగుంటే బ్రష్షులు వాటి సంగతి ముందే చెప్పుకునేవి.

మావయ్య ఇప్పుడు తాళం తిప్పి, ఎర్ర లైటు వెలిగాకే కిక్ కొడుతున్నాడు. నేను ఆఫీసుకి తిరిగొచ్చాక మొదట చేసిన పని, ఆర్నెల్లుగా ఒక్క అలర్టూ పంపని మా మానిటరింగ్ స్క్రిప్టు బతికుందో లేదో చూడటం. ఏం తేలిందో మాత్రం అడక్కండి.