గుంటూరు లూథరను సంఘము: చరిత్రయు, ఆశలును



గుంటూరు సీమలో పెక్కు గ్రామములందు పల్లెచివర ఒక చిన్న ప్రార్థనమందిరమును, దాని చెంతనే ఒక బడియు కానవచ్చును. ఆ రెంటిని నిలిపిన లూథరను సంఘచరిత్ర నేటి నా ప్రసంగవిషయము. చిరకాలము బడులలో తెలుగు చెప్పి విరమించినవాడను గనుక, ఈ కథను నేను ముఖ్యముగా అక్షరముల కథగా చెప్పుదును.

ఈ సంఘమునకు పేరిచ్చిన మార్టిన్ లూథరు జర్మనీ దేశస్థుడు. 1517లో మతసంస్కరణమునకు పూనుకొని, 1534 నాటికి బైబిలును సంపూర్ణముగా తన దేశభాషలోనికి తెచ్చెను. సామాన్యుడు దైవవాక్యమును తన భాషలో తానే చదువుకొనవలెనని ఆయన పట్టు. ఆ పట్టు మన భాషకును మేలు చేసినది. లూథరను బోధకుడగు బెంజమిన్ షుల్జ్ 1726లో చెన్నపట్టణము చేరి, తెలుగు నేర్చి, బైబిలును తెనిగించెను. ఆ అనువాదము అచ్చునకు నోచుకొనలేదు. కాని స్వదేశమునకు మరలిన పిదప, 1746లో హాలే నగరమున ఆయన ముద్రింపించిన చిన్న పుస్తకములే తెలుగున తొలి అచ్చుపుస్తకములని చరిత్రకారులు చెప్పుదురు.

గుంటూరులో ఈ సంఘమునకు బీజము పడినది 1842 జూలై 31న. నాడు హయ్యరు అను బోధకుడు అమెరికానుండి ఇచ్చటికి చేరెను. ఆయన జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. అప్పటికి వయస్సు నలువది తొమ్మిది. కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆయనకు అండగా నిలిచెను. నందననామ సంవత్సరపు కరువు, అనగా 1832–33 నాటి మహాక్షామము, ఈ సీమను పాడుపెట్టి పదియేండ్లయినను కాలేదు. అట్టి చోట హయ్యరు వెంటనే బడులు పెట్టించెను. 1849లో పల్నాటికి పోయి గురజాలలో మకాము చేసెను. వీథిబడి అరుగుమీద కూర్చుండ నోచుకొనని మాల, మాదిగ పిల్లలకు ఈ బడులలో పలక దొరకెను. పలక పట్టిన చేయి పత్రము చదువగలదు. పత్రము చదివినవానిని మోసగించుట కష్టము. ఈ మాట పెద్దలకు నేను వివరింప నక్కరలేదు.

పరదేశపు సొమ్ముతో నడచు పనికి ఆ దేశపు కష్టములును తప్పవు. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినపుడు రాబడి సన్నగిల్లెను. ఆ దినములలో ఉనాంగ్స్టు అను బోధకుడు గుంటూరున దాదాపు ఒంటరిగా నిలిచి పనిని కాపాడెను. 1869లో రాజమహేంద్రవరపు క్షేత్రమును వేరొక సంఘమునకు అప్పగింప నిశ్చయింపబోగా, డెబ్బది యారేండ్ల హయ్యరు అడ్డుపడి, తానే పోయెదనని మరల సముద్రము దాటి వచ్చెను.

1883లో అన్నా కుగ్లరు అను వైద్యురాలు గుంటూరు చేరెను. పురుషవైద్యునికి చేయి చూపుటకు వెనుదీయు స్త్రీలకు ఆమె దిక్కయ్యెను. ఆమె శ్రమవలన 1890వ దశాబ్దిలో స్త్రీల ఆసుపత్రి వెలసెను. ఏలూరు జమీందారును, కవియునైన మంత్రిప్రెగడ భుజంగరావుగారు రోగుల బంధువులకై ఆ చెంత సత్రము కట్టించిరి. మతము వేరైనను మేలు గుర్తించుట మన సంప్రదాయమే. కుగ్లరమ్మ 1930లో గుంటూరుననే కన్నుమూసెను.

తెలుగు పండితులకు మరొక ఋణము కలదు. గుర్రము జాషువ కవి గుంటూరు లూథరను ఉపాధ్యాయ శిక్షణాలయమున పెక్కేండ్లు తెలుగు చెప్పెను. అంటరానివాని మొరను గబ్బిలముచేత శివునికి పంపిన ఆయన కావ్యమును నేను తరగతిలో చెప్పిన ప్రతిసారియు, వెనుకవరుస పిల్లలు తలలెత్తి వినుచుండిరి.

1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరను సంఘము ఏర్పడెను. 1944లో ఇ. ప్రకాశముగారు దానికి తొలి తెలుగు అధ్యక్షులైరి. వచ్చిన వారు కట్టిన యింటికి ఇంటివారే యజమానులైరి. యాజమాన్యముతోపాటు బరువును వచ్చినది. ఇటీవలి దశాబ్దములలో పదవులను, ఆస్తులను గూర్చిన తగవులు న్యాయస్థానముల కెక్కినవి. బయటివారి ధనము తగ్గినపుడు నిలిచిన సంఘము లోపలి తగవులవలన చిక్కిపోరాదు.

1950 నాటి ఉత్తర్వు ననుసరించి, క్రైస్తవమును స్వీకరించిన దళితులకు షెడ్యూల్డు కులముల హోదా లేదు. పల్లెలో మాత్రము వారి కులమును ఎవరును మరువలేదు. ప్రార్థనమందిరమున ఒకే బల్లయొద్ద ప్రసాదము పుచ్చుకొనువారు ఊరిబావి యొద్దను, శ్మశానముననుకూడ సమానులు కావలెనన్నదే వారి చిరకాలపు ఆశ. అది తీర్చుట వారి సంఘమువలన మాత్రమే కాదు. గ్రామపెద్దలమగు మన చేతులలోను ఉన్నది.

కావున మీకు నేను విన్నవించున దొక్కటే. మీ ఊర ఆ పాత బడి యింకను నిలిచియున్నచో దాని కప్పు చూడుడు, పిల్లల లెక్క అడుగుడు. అది ఏ మతమువారు కట్టినదైనను, అందు కూర్చుండు బిడ్డలు మన ఊరివారే.